తూటా కట్టిన చేతులు

సింధూరగిరి నగరానికి పడమట, కోట బురుజుల నీడ కూడా చేరని దూరంలో ఒక పాత రాతిగని ఉంది. ఒకప్పుడు ఆ కొండ కడుపు చీల్చి తీసిన ఎర్రరాతితోనే రాజప్రాసాదం లేచింది. అంతఃపురపు మెట్లు, ఏనుగుశాల కంబాలు, నగరద్వారం మీద రెక్కలు విప్పి నిలిచిన గండభేరుండం, అన్నీ ఆ కొండ బిడ్డలే. ఇప్పుడు అక్కడ ఉలి మోగదు, బండి కదలదు. నిట్టనిలువుగా కోసిన గోడల మీద తెల్లవారి ఎండ పడితే, పచ్చిపుండు మీద పసుపు అద్దినట్టు కొండంతా భగ్గుమంటుంది. గోడల పగుళ్లలో గూళ్లు పెట్టుకున్న అడవిపావురాలు ఆ వెలుగుకు లేచి, గుప్పెడు బూడిద విసిరినట్టు ఆకాశాన పరుచుకుంటాయి.

ఆ ఉదయం ఎండ ఇంకా గోడ దిగకముందే పావురాలు లేచాయి. ఢామ్మన్న చప్పుడొకటి గోడ నుంచి గోడకు దూకి, గని అంతా తిరిగి లోయలోకి జారిపోయింది.

గని అడుగున ఒక మద్దిమొద్దుకు మూరెడైనా లేని తుపాకి తాళ్లతో బిగించి ఉంది. ఒంటిచేత్తో పేల్చే పిడితుపాకి అది. దాని మీటకు కట్టిన పురికొస సాగి సాగి ఒక పెద్దబండ వెనక్కి పోయింది. పొగ విడిపోయేదాకా ఆగి, బండ చాటు నుంచి అరిందముడు లేచి వచ్చాడు.

"ఉంగరం చూడండి దొరా!" అని బండ వెనక నుంచే కేకేసింది మాచమ్మ.

అరిందముడు తుపాకి గొట్టానికి సరిగ్గా పట్టే ఇత్తడి ఉంగరాన్ని మూతి దగ్గర తొడిగి వెనక్కి తోశాడు. అది ఎక్కడా తట్టుకోకుండా జారింది. గొట్టం వీసమెత్తు కూడా ఉబ్బలేదు.

"గొట్టానికేం కాలేదు."

"మరి పళ్లెం?"

గోడకు ఆనించిన కంచుపళ్లెం మీద గుండు తగిలినచోట సొట్ట పడింది. సీసపు గుండు అప్పడంలా చితికి కింద పడి ఉంది. అరిందముడు దాన్ని కాలితో నెట్టాడు.

"సొట్ట పడింది. సొట్టకు వాడు చావడు," అన్నాడు.

వాడంటే స్వరభక్షుడు. వైద్యుడి వేషంలో రాజసభకు వచ్చిన మాయావి. చిత్రభాను మహారాజు గొంతునొప్పికి మందిస్తానని నమ్మించి, ఆయన గొంతునే ఊడబెరికి, తన రొమ్ము మీద వేలాడే కంచుటద్దంలో బంధించాడు. ఆనాటి నుంచి మహారాజు సింహాసనం మీద నోరు తెరుచుకుని కూర్చోవడమే. మాట్లాడేది మాత్రం స్వరభక్షుడు, రాజుగారి కంఠంతో. ఆ కంఠం వినబడితే చాలు, ప్రజలు మోకరిల్లేవారు, సేనలు కదిలేవి, తలలు తెగిపడేవి. ఆ అద్దం మీద గానీ వాడి మాయల మీద గానీ దెబ్బ వేద్దామంటే, మనిషి భుజబలంతో వచ్చే ఆయుధం ఏదైనా, కత్తి గానీ ఈటె గానీ బాణం గానీ, విసిరినవాడి మీదికే తిరిగి వస్తుంది. నిప్పు నెట్టుకొచ్చే సీసం ఒక్కటే వాడు పొందిన వరంలో లేదు.

అందుకే లోకంలో స్వరభక్షుడు భయపడింది ఒక్క అగ్నిదళానికే. ఆ తుపాకిదళానికి దళవాయి అరిందముడు. రెండేళ్ల కిందట రాజకంఠం అగ్నిదళాన్ని నక్కలకనుమకు పొమ్మని ఆజ్ఞాపించింది. కనుమలో శత్రువులు కనబడగానే దళమంతా ఒక్కసారి తుపాకులెత్తి పేల్చింది. పేలిన తుపాకులు పేల్చినవాళ్ల చేతుల్లోనే బద్దలయ్యాయి. శత్రువు ఒక్క బాణం వెయ్యాల్సిన పని లేకపోయింది. అరిందముడు ఎడమచేతి మూడువేళ్లను ఆ కనుమలో వదిలి, శవాల కింద నుంచి పాకి బయటపడ్డాడు. ఆ తరవాత రాజకంఠం తుపాకి శాపగ్రస్తమైన ఆయుధమని చాటింపు వేయించింది. జనం నమ్మారు. కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులు కూడా నమ్మారు. అరిందముడికి అన్నిటికన్నా చేదుగా ఉన్నది అదే.

దాక్కోవడానికి చోటిచ్చింది మాచమ్మ. తుపాకిమందు నూరే మందువీధిలో పుట్టి మందువీధిలోనే మెట్టిన మనిషి. ఆమె పెనిమిటి కోనప్ప అగ్నిదళంలో ముందువరస తుపాకిదారు. కనుమ నుంచి అతడి తలపాగా ఒక్కటే ఇంటికి వచ్చింది. అప్పటి నుంచి పెళ్లిళ్లకు జువ్వలు, చిచ్చుబుడ్లు చేసి బతుకుతూ, మూగ పాలేరు వేషంలో ఉన్న దళవాయికి ఇంత గంజి పోస్తూ వచ్చింది. ఈ మధ్యాహ్నం రాజకంఠం స్వరభక్షుడికి కిరీటం ఇవ్వబోతున్నది. కిరీటం చేతులు మారాక మహారాజు ప్రాణాలతో ఉండడు. పట్టాభిషేకానికి చిచ్చుబుడ్లు పంపమని మందువీధికీ ఆజ్ఞ వచ్చింది. ఆ గంపలతో పాటు అరిందముడు లోపలికి పోవాలి.

పోవడం అతడికి భయం కాదు. చేతిలో మళ్లీ తుపాకి బద్దలైతే? ఆ భయంతోనే ఈ గనికి వచ్చాడు. మహారాజు ఒకప్పుడు బహూకరించిన జంట పిడితుపాకులు అతడి దగ్గర ఉన్నాయి. ఒకే కమ్మరి, ఒకే ఇనుము, ఒకే తూకం. ఒకదాన్ని పరీక్షకు మొద్దుకు కట్టాడు, రెండోదాన్ని నూనెగుడ్డలో చుట్టి దాచాడు. అక్క ఎంత తట్టుకుంటుందో తెలిస్తే చెల్లెలు ఎంత తట్టుకుంటుందో తెలుస్తుంది.

మాచమ్మ నీడన గుడ్డ పరిచి మందు ఆరబోసింది. పల్చటి గుడ్డలో జల్లించి పిండిని ఒకవైపు, నూకను ఒకవైపు తీసింది. పిండి మందు ఒక్కసారిగా భగ్గుమని గొట్టాన్ని చీలుస్తుంది. నూక ఒద్దికగా కాలి గుండును నెడుతుంది. పిండిని చిచ్చుబుడ్లకు పక్కన పెట్టింది. అరిందముడు అచ్చులో పోసిన సీసపుగుండ్లను నున్నటి పలక మీద ఒక్కొక్కటే దొర్లించాడు. తిన్నగా దొర్లనిది లోపల డొల్ల. దాన్ని మళ్లీ కరగడానికి పక్కన పడేశాడు. తిన్నగా పోయినవాటిని కంసాలి త్రాసులో ఒకదానికొకటి సరితూచాడు. పని చేసే దరిదాపుల్లో నిప్పు లేదు, ఇనుము లేదు.

"మందు ముట్టేటప్పుడు గాజులు తీసి గూట్లో పెట్టడం మా వీధి ఆచారం. ఇప్పుడు తీసే పని లేకపాయె. పని సులువైంది," అంది మాచమ్మ, జల్లెడ ఆపకుండా.

అరిందముడి ముందు వెదురు కణుపులతో చేసిన చిన్న కొలతలు వరసగా పేర్చి ఉన్నాయి, ఒకదానికన్న ఒకటి గోరంత లోతు ఎక్కువ. అన్నిటికన్న చిన్నదానితో మొదలుపెట్టాడు. పేల్చిన ప్రతిసారీ తడిగుడ్డతో గొట్టం తుడిచి, రవ్వ మిగల్లేదని చూసుకుని, ఉంగరం తోసి, ఆ తరవాతే పై కొలతకు ఎక్కాడు. తొందర పెట్టుకోలేదు. తొందరపడ్డవాళ్ల కథ అతడి ఎడమచేతి మీద రాసి ఉంది.

సొట్ట మాత్రమే పెట్టిన ఆఖరి కొలతతో, మందూ గుండూ కాగితంలో చుట్టి ఇంకొక తూటా కట్టి, ఈసారి మొద్దును పళ్లేనికి బాగా దగ్గరగా జరిపి పురికొస లాగాడు. పళ్లెం మధ్యకు పగిలింది. ఉంగరం హాయిగా జారింది. ఆ కొలత తూటాలకు తెల్లదారం చుట్టారు. పై కొలతతో మొద్దును మళ్లీ దూరం జరిపి పేల్చాడు. గుండు కొత్త పళ్లేన్ని తాటాకులా తూట్లు పొడిచి గోడలో దిగింది. మాచమ్మ చప్పట్లు కొట్టబోయి ఆగింది. ఉంగరం గొట్టం మధ్యకు వచ్చి బిగుసుకుంది.

"ఉబ్బింది," అన్నాడు అరిందముడు. "ఇంక ఇది పనికిరాదు. చెల్లెలు ఒక్కసారి తట్టుకుంటుందేమో. తట్టుకోకపోనూవచ్చు." ఆ కొలతతో ఒకే ఒక్క తూటా కట్టి ఎర్రదారం చుట్టాడు. "ఇది నాకు. దూరం నుంచి కొట్టే వీలుంటే నా చెయ్యి పోయినా ఫరవాలేదు. పోయే వేళ్లు ఎన్నో లేవు."

మాచమ్మ ఆ వెదురు కణుపును చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏంది దొరా, ఇంత చిన్న కొలతకే గొట్టం ఉబ్బితే ఎట్లా? ఈ గుండుకు మేము కొట్టు కొలత పోసేవాళ్లం గదా?"

"కొట్టు కొలతా?"

"రాజుగారి మందుకొట్టు కొలత. అగ్నిదళం తూటాలన్నీ దాంతోనే కొలిచినాం. నా కాడే ఉంది." ఆమె తన సంచిలోంచి ఒక దున్నకొమ్ము కొలత తీసింది. వెండి అంచు, దాని మీద గండభేరుండ ముద్ర. "పెద్దతుపాకికి నిండా, పిడితుపాకికి సగానికి. మా అమ్మ కాలం నుంచి అదే లెక్క."

అరిందముడు ఆ కొమ్మును మందుతో సగానికి నింపి, ఎర్రదారం కొలతలోకి వంచాడు. అది నిండింది. పక్క గుడ్డ మీద కుమ్మరించి మళ్లీ వంచాడు. మళ్లీ నిండింది. కొమ్ములో ఇంకా మిగిలే ఉంది.

అతడు కొమ్మును గుడ్డ మీద పెట్టాడు.

"ఇది పేల్చి చూడాలి," అన్నాడు.

"తెలిసిపోయినాక పేల్చడం దేనికి దొరా?"

"నా వాళ్లు ఎలా చచ్చారో నేను చూడలేదు. పొగలో ఉన్నాను. ఇప్పుడు చూడాలి."

మాచమ్మ వద్దన్నది. చప్పుడు పెద్దదవుతుంది, ఊరికి వినబడుతుందన్నది. అతడు వినలేదు. ఉబ్బిన తుపాకిలో కొమ్ముకొలత పోసి, గుండు దిగ్గొట్టి, బండ వెనక్కి వచ్చి పురికొస లాగాడు.

పిడుగు పడ్డట్టయింది. మద్దిమొద్దు నిలువునా చీలింది. తుపాకి ఉన్నచోట పిడి తప్ప మరేమీ లేదు. గొట్టం ముక్క ఒకటి వాళ్ల తలల మీదుగా ఈల వేస్తూ పోయి గోడకు తగిలింది. పావురాలు వెనక్కి రాలేదు.

చాలాసేపటికి అరిందముడు రాయితో ఆ కొమ్మును పగలగొట్టాడు. బయటికి అన్ని కొమ్ముల్లాగే ఉన్న దాని గోడ లోపల కాగితం మందాన గీకేసి ఉంది. అడుగు కూడా తొలిచేసి ఉంది.

"ఇది మీ అమ్మ కాలం కొమ్ము కాదు. ఎవరిచ్చారు?"

"వాడే," అంది మాచమ్మ. ఆమె గొంతు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంది. "కనుమ యుద్ధానికి ముందు వాడే మందువీధికి వచ్చినాడు. పాత కొమ్ములు అరిగిపోయినాయి, రాజుగారు కొత్తవి ఇచ్చినారని ఇంటింటికీ పంచినాడు. నా చేతిలో కొమ్ము పెట్టి, తల్లీ, నీ చేతిపని బాగుంటుందంట గదా అన్నాడు. మేము సంబరపడినాం. కాగితం చాలకపోతే పొడుగ్గా కత్తిరించుకున్నాం దొరా. చాలడం లేదెందుకని అడగలేదు. ఒక్క ముండకూ అడగాలని తోచలేదు."

అరిందముడికి ఆనాటి తూటాలకున్న నీలిదారం ముడి గుర్తొచ్చింది. కనుమలో, పేల్చడానికి ముందు, పక్కనున్న కోనప్ప తూటా కొరుకుతూ ఆ నీలిముడిని చూసి నవ్వుకున్నాడు. ఎందుకు నవ్వుతున్నావురా అని అడిగే తీరిక లేకపోయింది.

"ముందువరస తూటాలు ఎవరు కట్టారు?" అని అడిగాడు. అడక్కుండా ఉంటే బాగుండునని అడిగాక అనిపించింది.

"నేనే. నీలిదారం ముడి నాదే. మా ఆయన తూటాలు వేరేవాళ్లతో కట్టనిస్తానా?"

రెండేళ్లుగా అతడు ప్రతి ముద్దకీ తిట్టుకున్న చేతులవి. ఆ తూటాలను పాడుచేసినవాళ్లు దొరికితే చేతులు నరికేస్తానని ఆమె ముందే ఎన్నోసార్లు అన్నాడు. అంటుంటే ఆమె గంజి వడ్డిస్తూ, నరకండి దొరా, తప్పకుండా నరకండి అనేది. ఇప్పుడు ఆమె ఆ చేతుల్ని ఒళ్లో పెట్టుకుని, ఎవరివో పరాయి వస్తువుల్ని చూసినట్టు చూసుకుంటోంది. అతడికి ఆమె మీద కోపం రాలేదు. రాకపోవడమే గుండెలో పొగలా సుడితిరిగింది. శత్రువు మీద కోపం కత్తి లాంటిది, పట్టుకోవడానికి పిడి ఉంటుంది. దీనికి పిడి లేదు.

అంతలో ఆకాశం నుంచి మహారాజు మాట్లాడాడు.

"ఎవరక్కడ? మా ఆజ్ఞ లేకుండా అగ్నిని మోగించినదెవరు?"

అరిందముడి మోకాళ్లు వాటంతటవే వంగాయి. చిన్ననాటి నుంచి ఆ కంఠానికి వంగిన మోకాళ్లు. తలెత్తి చూస్తే, గని మీద ఒక రాగిగద్ద చక్కర్లు కొడుతోంది. వెయ్యి రేకులు అతికించిన రెక్కలు ఎండకు నిప్పులు చెరుగుతున్నాయి, కళ్ల స్థానంలో కెంపులు తిరుగుతున్నాయి, ముక్కు తెరుచుకున్నప్పుడల్లా రాజకంఠం ఉరుముతోంది. "రాతిగనిలో ద్రోహులున్నారు! రండి! పట్టండి!"

గని పైఅంచున గుర్రాల డెక్కలు మోగాయి. మాచమ్మ ఒక రాయి తీసి గద్ద మీద విసిరింది. రాయి సగం దారిలో ఆగి, తిరిగి, ఆమె నుదుటినే పగలగొట్టింది.

"విసరకు! కూర్చో!" అని అరిచాడు అరిందముడు. నూనెగుడ్డ విప్పి చెల్లెలి తుపాకి తీశాడు. తెల్లదారం తూటా పళ్లతో కొరికి మందు పోసి, గుండు దిగ్గొట్టి, నిప్పు అందుకునే తుపాకి చెవిలో చిటికెడు మందు వేసి, చెకుముకిరాయి బిగించిన సుత్తిని వెనక్కి లాగాడు. అప్పుడే పేల్చలేదు. గద్ద మెడ ముడిచి అతడి కళ్ల మీదికే దూకింది. దాని గోళ్ల గాలి ముఖానికి కొట్టేదాకా ఆగాడు. అన్నాళ్ల తరవాత చేతిలో తుపాకి పట్టుకుని మీట నొక్కడానికి అతడి చూపుడువేలు ఒక్కక్షణం ఒప్పుకోలేదు. బలవంతాన నొక్కాడు.

తుపాకి నిలిచింది. రాగిగద్ద గాలిలోనే విచ్చిపోయి, గలగలమని రేకులై రాలింది. రాజకంఠం నడుమ తెగిన పాటలా ఆగిపోయింది.

సంతోషించే వ్యవధి లేదు. గుర్రపురౌతులు గని మెట్ల దారిన దిగుతున్నారు. మాచమ్మ తూటాలు దాచిన కుండను చంకన పెట్టుకుని, "ఇటు దొరా, రాయి జార్చే బాట!" అంటూ పరిగెత్తింది. ఒకప్పుడు కోసిన బండల్ని నదిలో పడవల మీదికి జార్చడానికి కొండవాలున కాలువలా తొలిచిన నున్నటి దోని అది. దాని మొదట్లో చెదలు పట్టిన చెక్కబండి పడి ఉంది. ఇద్దరూ దాని మీద బోర్లా పడి కాళ్లతో నెట్టారు. బండి కదిలింది, జారింది, ఆ తరవాత బండి అనేది ఉందో లేదో తెలియలేదు. రాయి, ఆకాశం, రాయి, ఆకాశం ఒకదాని మీద ఒకటి దొర్లాయి. వెనక నుంచి వచ్చిన బాణాలు చెక్కలో టకటకా దిగాయి. మలుపులో చక్రం ఊడింది. మిగిలిన చక్రాల మీద ఒరిగి, నిప్పురవ్వలు రాల్చుకుంటూ పోయి, బండి నదిలో తలకిందులుగా పడింది.

నీళ్ల అడుగున మాచమ్మ కుండ వదల్లేదు. అరిందముడు ఆమె జుట్టు పట్టుకుని అవతలి రెల్లుపొదల్లోకి లాగాడు. కుండ మూతికి అద్దిన లక్క ఒకవైపు చిట్లింది. విప్పి చూస్తే తూటాలన్నీ నాని ముద్దయ్యాయి. మైనపుగుడ్డలో విడిగా చుట్టిన రెండే పొడిగా మిగిలాయి, ఒక తెల్లదారం, ఒక ఎర్రదారం.

రేవులో ఆమె ముందే కట్టేసి ఉంచిన గాడిదలు, చిచ్చుబుడ్ల గంపలు ఉన్నాయి. మాచమ్మ నుదుటి గాయానికి పసుపు పులిమి తలమీద కొంగు లాక్కుంది. అరిందముడు ముఖానికి బొగ్గు రాసుకుని మూగవాడైపోయాడు. దారి పొడుగునా ఇద్దరూ మాట్లాడుకోలేదు.

కోటద్వారం దగ్గర పండగ వెలిగిపోతోంది. అరటిబోదెల మీద ముత్యాల జాలర్లు, ఏనుగుల నుదుట బంగారు నెలవంకలు, పన్నీరు చల్లే చిన్నదాసీల వరసలు, మధ్య మధ్య మిడిగుడ్ల భటులు. ఆ మిడిగుడ్ల వాళ్లు ప్రతి మగవాడి చేతులూ ఎత్తించి చూస్తున్నారు.

"వేళ్లు తెగినవాడు, మందుమచ్చ ఉన్నవాడు కనబడితే అక్కడే పట్టుకోమని రాజాజ్ఞ!" అని సర్దారు అరుస్తున్నాడు.

ముందు వరసలో ఒక ముసలి కమ్మరి చేతిమీద నిప్పుమచ్చ ఉందని గుంజుకుపోయారు. అది కొలిమి మచ్చ అని అతడు మొత్తుకున్నా ఎవరూ వినలేదు.

అరిందముడు గాడిదను మెల్లగా పక్కకు తిప్పి, చెరకుబండి చాటుకు తెచ్చాడు. "నేను పోలేను," అన్నాడు.

"నేను పోతా. ఆడదాని చేతులు ఎవరు చూస్తారు?" అంది మాచమ్మ. ఆ మాట అన్నాక తన చేతుల్ని కొంగులో దాచుకుంది. "ఎర్రదారం తూటా వేసి ఇయ్యండి. దూరం నుంచే కొడతా."

అరిందముడు తుపాకి గొట్టం తుడిచి ఆరబెట్టాడు. రెండు తూటాలూ అరచేతిలో పెట్టుకున్నాడు. కనుమలో అరిచిన అరుపులు ఇంకా అతడి చెవుల్లోనే ఉన్నాయి. ఎర్రదాన్ని మొలలో దోపుకుని, తెల్లదాని కాగితం కొరికాడు.

"దొరా, అది కాదు!"

"ఇదే."

"దీనికి దగ్గరికి పోవాల గదా. వాడి చుట్టూ భటులుంటారు."

"పో. వాడి ఒంటి అత్తరు వాసన నీ ముక్కుకు తగిలేదాకా పో. చిచ్చుబుడ్డి పాదాల దగ్గర పెట్టడానికి వంగినట్టు వంగు. మీట మెత్తగా నొక్కు, గుంజకు. రెండోది నీ చేతిలో నిలుస్తుందో లేదో నాకు తెలియదు. తెలియనిది ఎవరి చేతిలోనూ పెట్టను."

మాచమ్మ గంపలోంచి ఒక పెద్ద చిచ్చుబుడ్డి తీసి మూత విప్పింది. "క్షమించినారా అని మిమ్మల్ని అడగను దొరా. అడగాల్సినోడు ఆ కనుమలో ఉన్నాడు."

"అడక్కు," అన్నాడతడు. ఆ కరుకుదనం అతడి చెవికే కరుగ్గా తగిలింది. కానీ అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

నింపిన తుపాకిని అడుగున రంపపుపొట్టు పోసిన పెద్ద చిచ్చుబుడ్డిలో పెట్టి మూత మూశారు. ఆమె గంప నెత్తిన పెట్టుకుని ద్వారం దాటింది. భటుడు చూసిందల్లా గంపనే.

అరిందముడు చెరకుగడల నీడన నక్కి కూర్చున్నాడు. ఎండ నడినెత్తికెక్కింది. లోపల భేరీలు మోగి ఆగాయి. వందిమాగధులు బిరుదులు చదివి ఆగారు. అప్పుడు ప్రాకారం మీదుగా రాజకంఠం గంభీరంగా వచ్చింది.

"ప్రజలారా! మేము వృద్ధులమైనాము. మా కిరీటమును, మా ఖడ్గమును, ఈ నేలను, మా ప్రియమిత్రుడైన..."

ఢామ్.

బిగువైన చప్పుడు, ముక్కలు కాని చప్పుడు. గొట్టం నిలిచిందని అరిందముడికి ఎవరూ చెప్పక్కర్లేదు. దాని వెంటనే కంచు చీలిన కీచుధ్వని, దాని వెంట వేలమంది ఒక్కసారి పీల్చిన ఊపిరి. అతడు కళ్లు మూసుకున్నాడు. లోపల నుంచి ఒక కంఠం లేచింది. చిత్రభాను మహారాజు కంఠమే. కానీ వణుకుతోంది, బొంగురుపోయింది, ఏడుస్తోంది.

"ఆమెను వదలండి! ఎవరూ ఆమెను తాకవద్దు!"

అరిందముడు చెరకుగడల చాటు నుంచి లేచాడు. అంతలోనే అదే కంఠం, అచ్చంగా అదే, మరోచోటి నుంచి గద్దించింది.

"పట్టండి దాన్ని! ఇక్కడే నరకండి!"

అద్దం సగమే పగిలింది. రాజుగారి గొంతు రెండుగా చీలి, సగం సొంతదారుడి దగ్గరికి వచ్చింది, సగం దొంగ దగ్గరే ఉంది. ద్వారం దగ్గర భటులు కత్తులు సగం దూసి ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. సర్దారు ముఖం పాలిపోయింది. పరిగెత్తుకొస్తున్న అరిందముడి ఎడమచెయ్యి చూసి కూడా అతడు కత్తి ఎత్తలేదు.

"రెండూ రాజాజ్ఞలే! ఏది వినాలి?" అని పిచ్చివాడిలా అడిగాడు.

"రెండేళ్లుగా చెవులు మాత్రమే వాడావు. ఇప్పుడైనా కళ్లు వాడు!" అని అరిందముడు అతణ్ని రొమ్ము మీద తోసి లోపలికి దూకాడు. వెనక కోటతలుపుల గొలుసులు కరకరలాడుతూ దిగుతున్నాయి. ఎదుట జనం గోడలా తొక్కుకుంటూ బయటికి వస్తున్నారు. ఆ తొక్కిసలాట మీదుగా, పొగ మీదుగా, ఒక ఆడగొంతు గట్టిగా వినబడింది.

"దొరా! ఇంకొక తూటా!"

అరిందముడి చెయ్యి మొల దగ్గరికి పోయింది. అక్కడ ఉన్నది ఎర్రదారం ఒక్కటే.